కెమెరా కంటే ముందు కక్ష్య

శ్రీహరికోట నుంచి భూపరిశీలన ఉపగ్రహం ఎగిరిన ప్రతిసారీ వార్తల్లో కొన్ని అంకెలు దొర్లిపోతాయి. ఎత్తు ఇన్ని కిలోమీటర్లు, వంపు ఇన్ని డిగ్రీలు. చదివేవాళ్లు గబగబా చదివేస్తారు, వినేవాళ్లు వదిలేస్తారు. ఆ తర్వాత వచ్చే అంకె దగ్గర మాత్రం అందరూ చెవులు రిక్కిస్తారు: నేలమీద ఎంత చిన్న వస్తువును గుర్తుపడుతుంది? మీటరా, అర మీటరా, పావు మీటరా? ఉపగ్రహం గొప్పదనమంతా అక్కడే ఉన్నట్టు మాట్లాడుకుంటాం. దాదాపు నాలుగు దశాబ్దాల మన భూపరిశీలన ఉపగ్రహాలను వరసగా పెట్టి చూస్తే నాకు తోచేది వేరు. ఒక ఉపగ్రహం ఏం చూస్తుంది, ఏ వేళకు చూస్తుంది, ఎన్నాళ్లకోసారి చూస్తుంది అన్నవి కెమెరా బిగించకముందే, కక్ష్యను ఎంచుకున్న రోజే చాలావరకు తేలిపోతాయి. పంటనూ వరదనూ సముద్రాన్నీ కనిపెట్టుకుని ఉండాల్సిన దేశానికి పావు మీటరు చూపు కంటే, రావాల్సిన రోజున తప్పకుండా వచ్చే చూపు ఎక్కువ అవసరం.

రిసోర్స్‌శాట్-2ను తీసుకుందాం. 2011 ఏప్రిల్ 20న పీఎస్‌ఎల్‌వీ-సీ16 దాన్ని పైకి చేర్చింది. బరువు 1,206 కిలోలు. తిరిగే ఎత్తు 817 కి.మీ. కక్ష్య భూమధ్యరేఖతో చేసే కోణం 98.7 డిగ్రీలు. ఒక్క చుట్టుకు 101 నిమిషాలు. పగటి పూట ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతూ భూమధ్యరేఖను ఎప్పుడు దాటినా అక్కడి స్థానిక సమయం ఉదయం పదిన్నర. వీటిలో ఎత్తు, వంపు, చుట్టు సమయం అంకెల్లో ఒకదాన్ని మార్చాలంటే మిగతా రెండూ కదులుతాయి.

భూమి నిజంగా గుండ్రటి బంతే అయితే ఉపగ్రహం తిరిగే తలం నక్షత్రాల మధ్య కదలకుండా ఒకే వైపుకు నిలిచిపోయేది. భూమి సూర్యుడి చుట్టూ జరిగే కొద్దీ ఆ తలానికీ సూర్యుడికీ మధ్య కోణం మారిపోయేది. ఇవాళ ఉదయం పదిన్నరకు మన ఊరి మీదుగా వెళ్లిన ఉపగ్రహం మూడు నెలలు తిరిగేసరికి తెల్లవారుజామున నాలుగున్నరకు, చీకట్లో వెళ్లేది. మనకు కలిసివచ్చిన సంగతి ఏమిటంటే భూమి నడుం దగ్గర ఉబ్బి ఉంది. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం ధ్రువాల వద్ద కంటే దాదాపు 21 కి.మీ. ఎక్కువ. ఆ ఉబ్బు చేసే అదనపు ఆకర్షణ కక్ష్యాతలాన్ని మెల్లమెల్లగా తిప్పుతుంది. ఎంత వేగంగా తిప్పాలన్నది కక్ష్య ఎత్తు, వంపు కలిసి నిర్ణయిస్తాయి. రోజుకు 0.9856 డిగ్రీ చొప్పున తూర్పుకు తిరిగేలా కుదిర్చితే ఏడాదికి సరిగ్గా ఒక చుట్టు పూర్తవుతుంది, సూర్యుడితో కోణం చెదరదు. ఇదే సూర్యానువర్తన కక్ష్య. 817 కి.మీ. ఎత్తులో అందుకు 98.7 డిగ్రీల వంపు కావాలి. 500 కి.మీ.కి దిగితే 97.4 చాలు. ఎత్తు చెప్తే వంపు తెలిసిపోతుంది, వంపు చెప్తే ఎత్తు తెలిసిపోతుంది.

వంపు 90 డిగ్రీలు దాటిందంటే ఉపగ్రహం భూభ్రమణానికి కొంచెం ఎదురుగా తిరుగుతోందన్నమాట. తూర్పుకు ప్రయోగించే రాకెట్‌కు భూమి తిరుగుడు ఉచితంగా ఇచ్చే వేగం ఇక్కడ దొరకదు. శ్రీహరికోటకు దీనికి తోడు మరో చిక్కు ఉంది. నేరుగా దక్షిణానికి వదిలితే దారిలో శ్రీలంక అడ్డం. అందుకే పీఎస్‌ఎల్‌వీ మొదట ఆగ్నేయంగా బంగాళాఖాతం మీదికి వెళ్లి, ఆ తర్వాత దక్షిణానికి మలుపు తీసుకుంటుంది. ఆ మలుపుకు అయ్యే ఇంధనం మోయగలిగే బరువులోంచి తగ్గుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం కొత్త ప్రయోగ కేంద్రం కడుతున్నది ఈ కారణంతోనే. ఒక విషయం చాలామంది గమనించరు. పీఎస్‌ఎల్‌వీని మొదట రూపొందించిందే దాదాపు టన్ను బరువుండే ఐఆర్‌ఎస్ (భారత రిమోట్ సెన్సింగ్) తరగతి ఉపగ్రహాన్ని 900 కి.మీ. ఎత్తు సూర్యానువర్తన కక్ష్యలో పెట్టడానికి. చంద్రుడి దాకా, అంగారకుడి దాకా వెళ్లిన ఆ రాకెట్ పుట్టుక వెనకున్నది పంట పొలాలను చూడాలన్న అవసరం.

ఇక పదిన్నర గంటల సంగతి. మరీ పొద్దున్నే అయితే నీడలు పొడుగ్గా పడి నేలను కప్పేస్తాయి, వెలుతురూ చాలదు. మధ్యాహ్నమైతే ఉష్ణమండలంలో నేల వేడెక్కి మబ్బులు లేస్తాయి. రెండింటికీ మధ్యలో తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపు ఉన్న వ్యవధి అనుకూలం. అమెరికా ల్యాండ్‌శాట్‌లూ, యూరప్ సెంటినెల్-2లూ ఈ వేళనే పట్టుకున్నాయి. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి సోవియట్ వోస్తోక్ రాకెట్ మీద వెళ్లిన మన మొదటి ఐఆర్‌ఎస్-1ఏ కూడా పదిన్నరకు అటూ ఇటుగానే భూమధ్యరేఖను దాటేది. ముప్పయ్యేళ్ల నాటి చెరువు బొమ్మనూ నేటి బొమ్మనూ పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతున్నామంటే రెండింటిలోనూ ఎండ దాదాపు ఒకే కోణంలో పడింది కాబట్టే.

వేళ కుదిరింది. ఎన్నాళ్లకోసారి వస్తుంది? దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. 101 నిమిషాల్లో ఉపగ్రహం ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు కింద భూమి 25 డిగ్రీలకు పైగా తూర్పుకు జరిగిపోతుంది. అంటే రెండో చుట్టులో ఉపగ్రహం మొదటి దారికి భూమధ్యరేఖ వద్ద దాదాపు 2,800 కి.మీ. పడమరగా దిగుతుంది. విశాఖపట్నం మీదుగా వెళ్లిన ఉపగ్రహం తర్వాతి చుట్టులో అరేబియా సముద్రం పడమటి భాగం మీదుగా పోతుంది. మధ్యలో మిగిలిన జాగాను మర్నాడూ ఆ మర్నాడూ కొంచెం కొంచెంగా నింపుకుంటూ రావాలి. రిసోర్స్‌శాట్ 24 రోజుల్లో 341 చుట్లు తిరిగి మళ్లీ మొదటి దారికే వస్తుంది. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కి.మీ.ని 341తో భాగిస్తే 117.5 వస్తుంది. పక్కపక్క దారుల మధ్య దూరం అది. దాని లిస్-3 కెమెరా ఒక్కసారి చూసే పట్టీ వెడల్పు 141 కి.మీ. పట్టీలు అంచుల దగ్గర ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, మధ్యలో నేల జారిపోదు. ఆ 141 గాలిలోంచి రాలేదు, 117.5కు పైన కొంత మిగులు ఉండాలనే లెక్కతో వచ్చింది.

ఈ లెక్క పట్టుబడితే ప్రపంచంలోని ఏ భూపరిశీలన ఉపగ్రహాన్నయినా చదవొచ్చు. ఐఆర్‌ఎస్-1ఏ 904 కి.మీ. ఎత్తులో 22 రోజుల్లో 307 చుట్లు తిరిగేది. దారుల మధ్య 130 కి.మీ., పట్టీ 148. ల్యాండ్‌శాట్-8 ఎత్తు 705 కి.మీ., 16 రోజుల్లో 233 చుట్లు, దారుల మధ్య 172, పట్టీ 185. సెంటినెల్-2 ఎత్తు 786 కి.మీ., 10 రోజుల్లో 143 చుట్లు, దారుల మధ్య 280, పట్టీ 290. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ 12 రోజుల్లో 173 చుట్లు తిరుగుతుంది, దారుల మధ్య 231, పట్టీ 242. దేశాలు వేరు, సంస్థలు వేరు, పరికరాలు వేరు. భాగహారం మాత్రం ఒకటే. త్వరగా తిరిగి రావాలంటే దారులు తక్కువ ఉండాలి, అప్పుడు పట్టీ వెడల్పు పెరగాలి. పట్టీ పెరిగితే, ఒకే కెమెరాతో, సూక్ష్మత తగ్గుతుంది. ఈ ముడిని ఎవరూ తెంచలేదు. ఎవరికి వారు తమ అవసరానికి తగ్గట్టు సర్దుకున్నారు.

మనవాళ్లు సర్దుకున్న తీరు నాకు చాలా ఇష్టం. ఒకే ఉపగ్రహంలో మూడు కెమెరాలు పెట్టారు. 1995 డిసెంబర్ 28న వెళ్లిన ఐఆర్‌ఎస్-1సీతో మొదలైన ఈ పద్ధతి రిసోర్స్‌శాట్‌లో పరిణతికి వచ్చింది. ఏవిఫ్స్ పట్టీ 740 కి.మీ., పిక్సెల్ 56 మీటర్లు, ఐదు రోజులకోసారి ఒకే చోటును చూస్తుంది. లిస్-3 పిక్సెల్ 23.5 మీటర్లు, 24 రోజులకోసారి. లిస్-4 పిక్సెల్ 5.8 మీటర్లు, రిసోర్స్‌శాట్-2లో పట్టీ 70 కి.మీ. మూడూ ఒకే వేళ, ఒకే ఎండలో చూస్తాయి కాబట్టి ఒకదాని బొమ్మతో మరోదాన్ని సరిచూసుకోవచ్చు. 2016 డిసెంబర్ 7న రిసోర్స్‌శాట్-2ఏ జతగా చేరాక లిస్-3 విరామం సగానికి తగ్గింది.

ఈ మీటర్లను ఎకరాల్లోకి మార్చుకుంటే మన పొలాలకు వీటి అర్థం తెలుస్తుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఐఆర్‌ఎస్-1ఏలోని లిస్-1 పిక్సెల్ 72.5 మీటర్లు, అంటే 5,256 చదరపు మీటర్లు. ఎకరం కంటే పెద్దది. 1988లో ఆ కెమెరాకు ఎకరం పొలం ఒక చుక్క కూడా కాదు. ఏవిఫ్స్‌కు ఎకరంలో ఒకటిన్నర లోపే పిక్సెళ్లు పడతాయి, లిస్-3కి ఏడు, సెంటినెల్-2కు నలభై, లిస్-4కు 120. ఇందులో గట్టు మీద పడి రెండు పొలాల రంగు కలిసిపోయిన పిక్సెళ్లను తీసేస్తే మిగిలేవి ఇంకా తక్కువ. సగటు కమతం హెక్టారుకు అటూ ఇటుగా ఉండే తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో రైతు పొలాన్ని విడిగా గుర్తించాలంటే లిస్-4 లాంటి కన్ను కావాలి. మండలంలో మొత్తం వరి విస్తీర్ణం చాలనుకుంటే ఏవిఫ్స్, లిస్-3 సరిపోతాయి, పైగా తరచుగా వస్తాయి. పంటల బీమా గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు అవసరాలనూ ఒకటిగా కలిపేయడం వల్లనే ఉపగ్రహం మీద ఒకసారి అతి ఆశ, మరోసారి అతి నిరాశ కలుగుతున్నాయని నా అభిప్రాయం.

కెమెరా ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చెప్పుకుందాం. ఇందులో మన ఫోన్‌లా ఫ్రేము కొట్టే పని లేదు. వేల సూక్ష్మ గ్రాహకాలు ఒకే వరసలో, ఉపగ్రహం దారికి అడ్డంగా ఉంటాయి. ఉపగ్రహం ముందుకు సాగుతుంటే ఆ వరస నేలను చీపురుతో ఊడ్చినట్టు గీత తర్వాత గీతగా ఎత్తుకుంటుంది. 817 కి.మీ. ఎత్తులో ఉపగ్రహం కింది బిందువు నేలమీద సెకనుకు 6.6 కి.మీ. పరుగెడుతుంది. 5.8 మీటర్ల పిక్సెల్ కావాలంటే ఒక్కో గీతకు దొరికే సమయం మిల్లీసెకనుకు కాస్త తక్కువ. 2019 నవంబర్ 27న వెళ్లిన కార్టోశాట్-3లా పిక్సెల్ పావు మీటరుకు దిగితే ఆ సమయం సెకనులో పాతిక వేల వంతు కంటే తగ్గిపోతుంది. చూసే చదరం ఐదు వందల రెట్లకు పైగా చిన్నదవుతుంది కాబట్టి వచ్చే వెలుతురూ అదే లెక్కన పడిపోతుంది. అందుకే సూక్ష్మత పెరిగే కొద్దీ అద్దాలు పెద్దవవుతాయి, ఉపగ్రహం కిందికి దిగుతుంది, పట్టీ ఇరుకవుతుంది. కార్టోశాట్-3 ఎత్తు 509 కి.మీ., పట్టీ 16 కి.మీ. ఇంత సన్నటి పట్టీలతో భూమధ్యరేఖను ఖాళీ లేకుండా కప్పాలంటే లెక్క ప్రకారం ఐదు నెలలు దాటుతుంది. కావాల్సిన చోటికి ఒళ్లు వంచి చూడగలదు కాబట్టి ఆ లోటు కొంత తీరుతుంది, కానీ అప్పుడు మిగతా చోట్లు వదులుకోవాలి. నగర పటాలకు, రహదారులకు, సరిహద్దుల అవసరాలకు అది గొప్ప సాధనం. గోదావరి డెల్టా అంతటా నాట్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పమంటే అది చెప్పలేదు, అది దాని పనే కాదు.

అదే కుటుంబంలో కార్టోశాట్-1 వేరే కోవది. 2005 మే 5న, శ్రీహరికోటలో రెండో ప్రయోగ వేదిక నుంచి జరిగిన మొట్టమొదటి ప్రయోగంలో, అది వెళ్లింది. 618 కి.మీ. ఎత్తు, 2.5 మీటర్ల పిక్సెల్. దానికి రెండు కళ్లు: ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండోది 5 డిగ్రీలు వెనక్కి చూసేది. ఒకే నేలను రెండు కోణాల్లో తీస్తే ఎత్తుపల్లాలు లెక్కకట్టవచ్చు. దేశమంతటికీ ఎత్తుల పటం అలాగే తయారైంది. వరద నీరు ఎటు పారుతుంది, కొత్త కాలువ ఎటు తవ్వాలి అన్న ప్రశ్నలకు ఆ పటం ఇప్పటికీ ఆధారం.

ఎంచుకున్న కక్ష్య తప్పితే ఏమవుతుందో చూపించిన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1డీ. 1997 సెప్టెంబర్ 29న పీఎస్‌ఎల్‌వీ-సీ1 దాన్ని అనుకున్న 817 కి.మీ. వృత్తంలో పెట్టలేకపోయింది. భూమికి దగ్గరి కొస 300 కి.మీ. దగ్గరే ఉండిపోయింది. ఉపగ్రహం తన సొంత ఇంధనం కాల్చుకుని పైకి లేచినా చివరికి నిలిచింది 737, 821 కి.మీ.ల మధ్య కోడిగుడ్డు ఆకారపు దారిలో. ఎత్తు మారితే పిక్సెల్ మారుతుంది, పట్టీ వెడల్పు మారుతుంది, తిరిగి వచ్చే రోజుల లెక్కా మారుతుంది. కెమెరాలు 1సీలో ఉన్నవే. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ నిపుణులు ఆ తేడాలన్నిటికీ సవరణలు కట్టి, దాని సమాచారాన్ని ఏళ్ల తరబడి వాడుకున్నారు. ఆ ఓపికకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

అందరికీ పదిన్నరే సరిపోదు. సముద్రపు నీటి రంగును చూసి అందులోని పత్రహరితాన్ని అంచనా వేయాలంటే ఎండ నడినెత్తిన ఉండాలి, ఎందుకంటే నీటినుంచి తిరిగొచ్చే వెలుతురు బహు స్వల్పం. అందుకే 1999 మే 26న వెళ్లిన ఓషన్‌శాట్-1 మధ్యాహ్నం 12కు దాటేలా 720 కి.మీ. కక్ష్య ఎంచుకున్నారు. నడి మధ్యాహ్నమంటే అలల మీద ఎండ తళుకు నేరుగా కెమెరాలోకి కొట్టే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించడానికి కెమెరాను కాలాన్ని బట్టి 20 డిగ్రీల దాకా ముందుకో వెనక్కో వంచేవారు. పిక్సెల్ 360 మీటర్లు, పట్టీ 1,420 కి.మీ., రెండు రోజులకోసారి మన సముద్రమంతా. ఆ వరసలో మూడోదైన ఈఓఎస్-06ను 2022 నవంబర్ 26న ప్రయోగించారు. చేపలు దొరికే చోట్లను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తెలుగులో కూడా మత్స్యకారులకు చెబుతోందంటే ఆధారం ఇలాంటి నీటి రంగు, నీటి వేడి కొలతలే. మూడువందల అరవై మీటర్ల పిక్సెల్‌ను ఎవరూ పతాక శీర్షికలో రాయరు. వైజాగ్, కాకినాడ రేవుల్లో డీజిల్ ఖర్చు మీద నేరుగా ప్రభావం చూపేది మాత్రం అదే.

మేఘా-ట్రోపిక్స్ అయితే ధ్రువాలనే వదిలేసింది. ఫ్రాన్స్‌తో కలిసి 2011 అక్టోబర్ 12న ప్రయోగించిన ఆ ఉపగ్రహం 867 కి.మీ. ఎత్తులో, 20 డిగ్రీల వంపుతో భూమధ్యరేఖను అంటిపెట్టుకుని తిరిగింది. రుతుపవన మేఘాలు పుట్టే పట్టీని రోజుకు పలుమార్లు చూడటం దాని పని. ఇన్సాట్-3డీఆర్, 3డీఎస్‌లు ఇంకా అవతల, 35,786 కి.మీ. ఎత్తు భూస్థిర కక్ష్యలో ఉన్నాయి. తుపాను కదలికను అరగంటకోసారి, అంతకంటే తరచుగా పట్టుకుంటాయి, కానీ అంత దూరం నుంచి కిలోమీటరు, నాలుగు కిలోమీటర్ల పిక్సెళ్లతో సరిపెట్టుకోవాలి. రెండు గుణాలనూ కలిపి, భూస్థిర కక్ష్య నుంచే కాస్త నిశితంగా నేలను చూద్దామని తయారుచేసిన ఈఓఎస్-03 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ క్రయోజెనిక్ దశ పనిచేయక సముద్రం పాలైంది. మన అవసరాల జాబితాలో ఆ నష్టం పెద్దది.

ఇంతవరకూ చెప్పిన కెమెరాలన్నీ మబ్బుల ముందు నిస్సహాయం. మనకు అసలు సమస్య ఇక్కడుంది. సార్వా నాట్లు జులై, ఆగస్టుల్లో పడతాయి. సరిగ్గా అప్పుడే ఆకాశం మూసుకుపోతుంది. ఐదు రోజులకోసారి వచ్చే ఉపగ్రహం ఆరుసార్లు వచ్చినా ఆరుసార్లూ మబ్బునే చూసి వెళ్లిపోవచ్చు. వరద కూడా మబ్బు కిందే వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎంత సూక్ష్మమైన కెమెరా అయినా వానమబ్బుల వెనక నుంచి కింద నీరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పలేదు.

అక్కడ పనికొచ్చేది రాడార్. అది సూర్యుడి వెలుతురు కోసం ఎదురుచూడదు, తానే సూక్ష్మతరంగాలు పంపి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కొలుస్తుంది. 2012 ఏప్రిల్ 26న వెళ్లిన రీశాట్-1 వాడిన సీ-బ్యాండ్ తరంగం పొడవు దాదాపు 5.6 సెంటీమీటర్లు. మేఘంలోని నీటి తుంపరలు దానికి అడ్డుకావు. వరిని గుర్తుపట్టడంలో రాడార్‌కు ఒక సహజమైన సౌలభ్యం ఉంది. దమ్ము చేసి నీరు పెట్టిన మడి రాడార్‌కు నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే నిశ్చలమైన నీరు తరంగాన్ని అవతలికి తోసేస్తుంది. నాటిన మొక్క పిలకలేసి దుబ్బు కట్టే కొద్దీ ఆకులూ కాండాలూ తరంగాన్ని వెనక్కి పంపడం మొదలుపెడతాయి, మడి తెల్లబడుతుంది. నలుపు నుంచి తెలుపుకు సాగే ఈ వరస ఇంకే పంటకూ ఇంత స్పష్టంగా ఉండదు. నలుపు ఎప్పుడు వచ్చిందో చూస్తే నాట్లు ఏ వారంలో పడ్డాయో చెప్పొచ్చు. పత్తికి, కందికి ఇంత తేలిక కాదు.

రాడార్ ఉపగ్రహాల వేళ కూడా వేరు. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు. పగలూ రాత్రీ కలిసే సంధి గీత వెంబడి కక్ష్య సాగుతుంది, దాంతో సౌరఫలకాల మీద దాదాపు ఎప్పుడూ ఎండే. కరెంటు విపరీతంగా తినే రాడార్‌కు ఇది ఊపిరి. కెమెరాకు దిగే దారి ఒక్కటే పనికొస్తే, రాడార్‌కు ఎక్కే దారి కూడా పనికొస్తుంది. 2022 ఫిబ్రవరి 14న వెళ్లిన ఈఓఎస్-04 ఈ కోవదే, ఎత్తు 529 కి.మీ., బరువు 1,710 కిలోలు. నైసార్ ఇంకో మెట్టు ఎక్కింది. నాసా 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్ ఇచ్చింది, ఇస్రో దాదాపు 10 సెంటీమీటర్ల ఎస్-బ్యాండ్ ఇచ్చింది. పొడవు తరంగం చెట్ల ఆకుల మధ్య నుంచి కొమ్మలనూ నేలనూ తాకుతుంది. 12 మీటర్ల వ్యాసమున్న వల లాంటి యాంటెన్నా కక్ష్యలో విచ్చుకుంది. 12 రోజుల తేడాతో ఒకే దారిలో తీసిన రెండు బొమ్మల తరంగ దశలను పోలిస్తే నేల సెంటీమీటర్ల మేర కుంగినా తెలుస్తుంది. దానికి ఉపగ్రహం అదే దారిలో, కొద్ది వందల మీటర్ల తేడాలోపే తిరిగి రావాలి. కక్ష్య మీద అదుపు లేకపోతే ఆ పరికరమంతా వృథా.

రాడార్ సర్వరోగ నివారిణి కాదని కూడా చెప్పాలి. గాలికి అలలు లేచిన వరద నీరు తెల్లగా కనిపించి పొలమేమోనన్న భ్రమ కలిగిస్తుంది. పక్కకు వంగి చూసే చూపు కాబట్టి భవనాల నీడలో పడ్డ వీధులు అసలు కనిపించవు. విజయవాడ లాంటి నగరాల ఇరుకు కాలనీల్లో నీటి హద్దు గీయడం పొలాల్లో గీసినంత నమ్మకంగా సాధ్యం కాదు. అక్కడ ఎత్తుల పటం, నేలమీది మనుషులిచ్చే కబురు రెండూ కలవాలి.

పైన తీసిన బొమ్మ కిందికి దిగాలి కదా. ఆ బాధ్యతలో పెద్ద వాటా హైదరాబాద్‌కు దాదాపు 60 కి.మీ. దూరంలోని షాద్‌నగర్ కేంద్రానిది. 1979లో ల్యాండ్‌శాట్ సమాచారం అందుకోవడంతో మన దేశంలో ఈ పని మొదలైంది. మనకు సొంత ఐఆర్‌ఎస్ రావడానికి తొమ్మిదేళ్ల ముందే బొమ్మలు చదవడం నేర్చుకున్నాం. ఆ దూరదృష్టి విక్రమ్ సారాభాయ్ కాలం నాటిది. 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పిషారటి బృందం హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో కేరళ కొబ్బరి తోటల తెగులును ఫొటోలు తీసిన ప్రయోగం ఈ దారికి మొదలు. షాద్‌నగర్ మీదుగా ఒక్కో ఉపగ్రహం కనిపించేది పది పదిహేను నిమిషాలే. ప్రతి చుట్టులోనూ అది ధ్రువాల దగ్గరికి వెళ్తుంది కాబట్టి అక్కడ యాంటెన్నా ఉంటే చాలాసార్లు సమాచారం దించుకోవచ్చు. అంటార్కిటికాలో భారతి స్థావరం వద్ద 2013లో మన కేంద్రం వెలిసింది అందుకే. వరద రోజుల్లో ఈ గంటల ఆదాయే మీటర్ల సూక్ష్మత కంటే విలువైనది.

కక్ష్య ఒకసారి ఇచ్చేస్తే నిలిచిపోయే ఆస్తి కాదు. పలచటి గాలి రాపిడి ఎత్తును తగ్గిస్తుంది, సూర్యుడి ఆకర్షణ వంపును కొద్దికొద్దిగా మారుస్తుంది, దాటే వేళ జారిపోతుంది. సరిదిద్దడానికి హైడ్రజీన్ కావాలి. అది అయిపోతే కెమెరా బాగున్నా క్రమం పోతుంది. చివరి ఇంధనాన్ని కిందికి దించడానికి మిగల్చడం కూడా ఇప్పుడు మర్యాదగా పాటిస్తున్నారు. మేఘా-ట్రోపిక్స్‌ను 2023 మార్చి 7న పసిఫిక్ మీద అదుపులో ఉంచి దించారు. వదిలేస్తే దాదాపు 30 ఏళ్లు తిరిగే కార్టోశాట్-2ను ముందే కిందికి జరపడంతో 2024 ఫిబ్రవరి 14న హిందూ మహాసముద్రం మీద వాతావరణంలోకి వచ్చేసింది. 800 కి.మీ. ఎత్తులో వదిలేసిన ఉపగ్రహం దానంతట అది పడాలంటే శతాబ్దాల మాట. మన పాత ఐఆర్‌ఎస్‌లు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఒక్క ఉపగ్రహం ఆగిపోతే ఏమవుతుందో యూరప్ చవిచూసింది. 180 డిగ్రీల ఎడంలో తిరిగే రెండు సెంటినెల్-1లు ఆరు రోజులకోసారి రాడార్ బొమ్మ ఇచ్చేవి. 2021 డిసెంబర్‌లో 1బీ చెడిపోయింది. 2024 డిసెంబర్‌లో 1సీ వెళ్లేదాకా పన్నెండు రోజుల విరామంతోనే గడిపారు. మన ఈఓఎస్-04కు తోడు కావాల్సిన ఈఓఎస్-09 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ మూడో దశ లోపంతో పోయింది. ఖరీఫ్‌ను చూసే సొంత సీ-బ్యాండ్ రాడార్ కన్ను జంట కావాల్సింది, ఒంటరిగా మిగిలింది.

2023 అంతరిక్ష విధానం ఐదు మీటర్లు, అంతకంటే ముతక సమాచారాన్ని అందరికీ ఉచితంగా ఇవ్వాలంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భూనిధి వెబ్‌సైటులో లిస్-3, ఏవిఫ్స్ బొమ్మలు దొరుకుతున్నాయి. జిల్లా స్థాయిలో వ్యవసాయ కళాశాలలు, నీటిపారుదల ఇంజినీర్లు వాటిని ఇంకా సరిగా వాడుకోవడం లేదన్నది నాకున్న బాధ. ఈ బొమ్మలు ఎంతకాలం వస్తూ ఉంటాయన్నది దానికంటే పెద్ద ఆందోళన. రిసోర్స్‌శాట్-2, 2ఏలు రెండింటికీ నిర్దేశించిన ఆయుష్షు ఐదేళ్లు. మొదటిది 2011ది, రెండోది 2016ది. రిసోర్స్‌శాట్-3 పాతవి పనిచేస్తూ ఉండగానే పైకి వెళ్లాలి. కొత్త కెమెరా కొలతలను పాత కెమెరా కొలతలతో సరిపోల్చి దిద్దుకోవాలంటే రెండూ ఒకే నేలను, ఒకే వేళకు, కనీసం ఒక సార్వా, ఒక దాళ్వా కలిసి చూడాలి.